భువనగిరి ఓటు – గుట్ట నీడలో ఏడు దశాబ్దాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు ముందుగా నాకు గుర్తుకు వచ్చింది ఓటు పెట్టె. మనలో చాలామందిమి ఏ శాఖలో పనిచేసినా ఐదేళ్ళకొకసారి ఎన్నికల డ్యూటీ చేసినవాళ్ళమే. లక్క, కొవ్వొత్తి, సుతిలి, చెరగని సిరా సీసా, రబ్బరు ముద్ర, కాగితపు సీళ్ళు, ఓటర్ల జాబితా ఇవన్నీ సంచిలో సర్దుకుని లారీ ఎక్కి తెలియని ఊళ్ళకు వెళ్ళి, బడి బెంచీల మీద పడుకుని తెల్లవారకముందే లేచినవాళ్ళం. దేశ చరిత్ర పుస్తకాల్లో ఎన్నికలు అంకెలుగా ఉంటాయి. మనకు మాత్రం అవి వరుసలో నిలబడిన ముఖాలు.

ఏదో ఒక చిన్న ఊరిని తీసుకుని, ఆ ఊరు మొదటి ఎన్నిక నుండి నేటివరకు ఎవరికి, ఎందుకు ఓటు వేసిందో చూస్తే ప్రజాస్వామ్యం మన నేలలో ఎట్లా వేళ్ళూనిందో కొంత అర్థమవుతుంది. అందుకు భువనగిరిని మించిన ఊరు నాకు కనిపించలేదు. సికింద్రాబాదు నుండి కాజీపేటకు వెళ్ళే రైలు ఎక్కినవారికి ఆ ఏకశిలా గుట్ట, దాని మీది కోట సుపరిచితమే. 2011 జనాభా లెక్కల నాటికి ఆ పట్టణ జనాభా 53 వేల పైచిలుకు మాత్రమే. చుట్టూ పల్లెలు, చెరువులు, తాటివనాలు, మగ్గాలు. పేరుకు పట్టణమే గాని బతుకంతా పల్లెలతో ముడిపడినదే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ 'భువనగిరి ఓటు' అన్నప్పుడు పట్టణం ఒక్కటే కాదు, భువనగిరి శాసనసభ నియోజకవర్గం అని అర్థం. పట్టణంతో పాటు పరిసర గ్రామాలూ అందులో ఉన్నాయి. నియోజకవర్గాల హద్దులు కూడా కాలక్రమంలో మారాయి. కనుక ఈ లెక్కలను ఒక ఊరి జాతకంగా కాక ఒక ప్రాంతపు నాడిగా చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ఓటుకు ముందు

ఓటు హక్కు రాకముందే భువనగిరికి రాజకీయం వచ్చింది. నిజాం పాలనలో జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీల చేతుల్లో ఊళ్ళు నలుగుతున్న రోజులవి. వెట్టిచాకిరి ఊరికి ఆచారమన్నట్లు సాగేది. తెలుగు భాష కోసం, గ్రంథాలయాల కోసం మొదలైన ఆంధ్రోద్యమం ఆంధ్ర మహాసభగా మారి క్రమంగా రైతు కష్టాల వైపు మళ్ళింది. 1944లో మహాసభ పదకొండవ సమావేశం భువనగిరిలోనే జరిగింది. దానికి అధ్యక్షులు రావి నారాయణరెడ్డి గారు. భువనగిరి సమీపంలోని బొల్లేపల్లిలో 1908లో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, ఆ వ్యవస్థ మీదనే తిరగబడిన మనిషి ఆయన.

ఆ సభతోనే మహాసభలోని మితవాదులు, అతివాదులు విడిపోయారు. ఒక వర్గం జాతీయ కాంగ్రెస్ బాటలో నడిచింది. మరొక వర్గం 'సంగం' పేరుతో పల్లెల్లోకి వెళ్ళింది. తరువాతి కాలంలో భువనగిరి ఓటు ఎటు మొగ్గినా ఆ రెండు పాయలలో ఏదో ఒకదాని తడి అందులో ఉంది. ఎన్నిక అన్న మాట ఇంకా వినని కాలంలోనే ఎన్నిక గీత అక్కడ గీయబడింది.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలి అయిన తరువాత పోరాటం సాయుధ రూపం దాల్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న ఈ ప్రాంతంలోని పోచంపల్లిలోనే వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావేకు నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికారు. ఆ ఏడాది అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. అంటే తుపాకి, చట్టం, దానం ఈ మూడూ భూమి సమస్యకు జవాబులుగా ఒకే నేల మీద, కొద్ది సంవత్సరాల వ్యవధిలో నిలబడ్డాయి. నాలుగవ జవాబుగా ఓటు పెట్టె వచ్చింది.

తొలి ఓటు – 1952

హైదరాబాదు రాష్ట్రంలో అప్పటికి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందువల్ల వారు ప్రజాస్వామ్య ఫ్రంటు, అంటే పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. నాయకులు, కార్యకర్తలు ఎందరో జైళ్ళలోనో, అజ్ఞాతంలోనో ఉన్నారు. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెస్ 93 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పి.డి.ఎఫ్. 42 గెలిచి ప్రధాన ప్రతిపక్షమయింది.

భువనగిరి మాత్రం రావి నారాయణరెడ్డి గారిని గెలిపించింది. ఆయన నల్లగొండ లోక్‌సభకు కూడా పోటీ చేసి 3,09,162 ఓట్లు సాధించారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ గారికి తమ నియోజకవర్గంలో వచ్చినవి 2,33,571. దేశంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది నల్లగొండ అభ్యర్థికే. కొందరు, నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కాబట్టి ఆ పోలిక చెల్లదంటారు. కాని నెహ్రూ గారు గెలిచినదీ ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే. కనుక పోలిక సమంజసమే. నల్లగొండ రెండవ స్థానంలో పి.డి.ఎఫ్. తరఫునే సుంకం అచ్చాలు గారు ఎన్నికయ్యారు. నారాయణరెడ్డి గారు శాసనసభ స్థానం వదులుకుని లోక్‌సభకు వెళ్ళారు.

ఆనాటి ఓటు పద్ధతి నేటి పిల్లలకు వింతగా ఉంటుంది. అభ్యర్థికొక పెట్టె. పెట్టె మీద గుర్తు. కాగితం మీద ఏ ముద్రా వేయనక్కరలేదు. తెర చాటుకు వెళ్ళి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేయడమే. మా అమ్మ ఆ ఎన్నికలో ఓటు వేసింది. అక్షరం ముక్క రాని మనిషి. తరువాత ఎన్నో ఏళ్ళకు, నేను డ్యూటీకి వెళ్ళబోతూ, "అప్పుడు ఎవరికి వేసినవమ్మా?" అని అడిగాను. "గది నాకెర్క, డబ్బకెర్క. నీకెందుకురా?" అన్నది. చివరిదాకా చెప్పలేదు. రహస్య ఓటింగు గురించి శిక్షణ తరగతుల్లో ఎన్ని గంటలు విన్నా నాకు అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మొన్నటిదాకా దొర ముందు చెప్పులు విడిచి నిలబడిన మనిషికి, దొర ఓటూ తన ఓటూ ఒక్కటే విలువ అని తెలిసిన రోజది. 1952 నాటి ఆ అంకెల వెనుక ఉన్నది పార్టీ సిద్ధాంతమొక్కటే కాదు, ఈ తెలివిడి కూడా.

ఎర్రజెండా నిలిచిన దశాబ్దం

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే శాసనసభ ఎన్నికలు జరిగినందున 1957లో తెలంగాణ స్థానాలకు మాత్రమే ఎన్నికలు జరిపారు. భువనగిరి మళ్ళీ రావి నారాయణరెడ్డి గారినే ఎన్నుకున్నది. 1962లో ఆయన నల్లగొండ లోక్‌సభకు ఎన్నిక కాగా, భువనగిరి శాసనసభ స్థానం కమ్యూనిస్టు పార్టీ తరఫున ఆరుట్ల రామచంద్రారెడ్డి గారికి దక్కింది. వారి సతీమణి ఆరుట్ల కమలాదేవి గారు పక్కనే ఉన్న ఆలేరు నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. దంపతులిద్దరూ ఒకే సభలో, పక్కపక్క నియోజకవర్గాల నుండి కూర్చోవడం ఆనాటికి అరుదైన సంగతి.

1962తో పెట్టెల పద్ధతి పోయింది. అందరి గుర్తులూ ఒకే కాగితం మీదికి వచ్చాయి. ముద్ర వేసి, మడిచి, ఒకే పెట్టెలో వేయాలి. కాడెడ్లు కాంగ్రెస్‌వి, కంకి కొడవలి కమ్యూనిస్టులది. చదువురాని ఓటరుకు గుర్తే అక్షరం.

రెండేళ్ళకు, 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. పల్లెల్లో ఒకే ఇంట్లో అన్న ఒక పార్టీ, తమ్ముడు ఒక పార్టీ అయ్యారు. 1967 ఎన్నికల్లో వాళ్ళ ఓటు చీలి కాంగ్రెస్‌కు కలిసివచ్చింది. అయితే భువనగిరి కాంగ్రెస్ వైపు మళ్ళడానికి అదొక్కటే కారణం అనలేము. రెండవ కారణం ఒక మనిషి.

మగ్గం ఓటు

ఆ మనిషి కొండా లక్ష్మణ్ బాపూజీ గారు. ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో పుట్టారు. 1952లో ఆసిఫాబాదు నుండి శాసనసభకు వచ్చినవారు, స్వాతంత్ర్య యోధులు, చేనేత సహకార ఉద్యమ నిర్మాతలు. భువనగిరి చుట్టుపక్కల చేనేత కుటుంబాలు ఎక్కువ. పోచంపల్లి పేరు చెబితే చాలు, దేశదేశాల వారు చీరను గుర్తుపడతారు. నూలు అప్పుగా దొరకాలన్నా, నేసిన గుడ్డ అమ్ముడుపోవాలన్నా సహకార సంఘమే దిక్కు. నేతగాడి ఓటుకు నూలు ధరకు ఉన్న సంబంధం రైతు ఓటుకు వానకు ఉన్న సంబంధం వంటిది.

1967లోనూ, 1972లోనూ భువనగిరి ఆయనను కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిపించింది. ఈ రెంటి మధ్య 1969 ఉద్యమం జరిగింది. ముల్కీ నిబంధనల అమలు కోసం, ఉద్యోగాల కోసం విద్యార్థులూ ఉద్యోగులూ వీధుల్లోకి వచ్చిన ఆ సంవత్సరం మన సభ్యులలో పెద్దవారందరికీ గుర్తే. అప్పుడు బాపూజీ గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తుండగా తెలంగాణలోని 14 స్థానాలలో 10 తెలంగాణ ప్రజా సమితి గెలుచుకున్నది. నల్లగొండ నుండి ఆ పార్టీ అభ్యర్థి కంచర్ల రామకృష్ణారెడ్డి గారు గెలిచారు. మిర్యాలగూడ మాత్రం మార్క్సిస్టు నాయకులు భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారికి దక్కింది. ఒకే జిల్లాలో ఒక స్థానం ప్రాంతీయ వాదానికి, ఒక స్థానం ఎర్రజెండాకు! ఈ జిల్లా ఓటరును ఒక గాట కట్టడం అప్పటికే కష్టమయింది.

2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పుడు దానికి నీడనిచ్చినది హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న బాపూజీ గారి నివాసం 'జలదృశ్యం'. 2012 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూశారు, ప్రత్యేక రాష్ట్రం చూడకుండానే.

పటేల్ అరుగు నుండి మండలాఫీసు వరకు

1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. కాడెడ్లు పోయి ఆవు దూడ వచ్చి, ఆవు దూడ పోయి హస్తం గుర్తు వచ్చింది. ఆ ఏడాది శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ రాష్ట్రంలో 175 స్థానాలు గెలిచింది. భువనగిరి నుండి కొమ్మిడి నర్సింహారెడ్డి గారు ఆ పార్టీ తరఫున ఎన్నికయ్యారు.

ఆ సంవత్సరం నేను ప్రిసైడింగ్ అధికారిగా వెళ్ళిన ఒక ఊళ్ళో ఓటర్లు పోలింగ్ కేంద్రానికి వచ్చే దారిలో ఒక పెద్దమనిషి అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. వచ్చేవారిని చూస్తూ కూర్చున్నాడు, అంతే. నిబంధనల ప్రకారం ఆ అరుగు వంద మీటర్ల అవతల ఉంది కనుక నేను చేయగలిగినదీ లేదు. ఆ చూపు కింద నుండి నడిచి వచ్చిన వారు తెర చాటుకు వెళ్ళినప్పుడు ఏమనుకున్నారో నాకు తెలియదు. కాని ఒక ముసలవ్వ ఓటు వేసి బయటికి వస్తూ, "సారూ, ఈడ మాత్రం ఎవలు సూడరు గద?" అని అడిగింది. "ఎవరూ చూడరవ్వా" అన్నాను. నా 37 ఏళ్ళ సర్వీసులో నేను ఇచ్చిన హామీలలో పూర్తిగా నిలబెట్టుకున్నది అదే అనుకుంటాను.

1983లో తెలుగుదేశం ప్రభంజనం వచ్చింది. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ఎన్.టి. రామారావు గారు 200కు పైగా స్థానాలు గెలిచారు. అయినా భువనగిరి చలించలేదు. కొమ్మిడి నర్సింహారెడ్డి గారినే తిరిగి పంపింది. రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం ఇంకా అమలు కాని సమయమది. అదే సంవత్సరం పదవీ విరమణ వయస్సు 58 నుండి 55కు తగ్గించడం, తరువాత మళ్ళీ 58కి మార్చడం మన సంఘ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటికి పంపబడినవారు ఇప్పటికీ ఆ తేదీలు మరువలేదు.

1984లో పటేల్, పట్వారీ పదవుల రద్దు జరిగింది. తరువాత తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఓటు చరిత్రలో ఈ మార్పుకు దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. పహాణీ నకలు కోసం ఒకే ఇంటి గడప ముందు నిలబడే అవసరం తగ్గినప్పుడు ఆ ఇంటివారు చెప్పినచోట ఓటు వేసే అవసరమూ తగ్గింది. అధికారం తరువాత మరికొందరి చేతుల్లోకి వెళ్ళిందన్న మాట నిజమే. కాని తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న దస్త్రం ప్రభుత్వ బీరువాలోకి రావడం చిన్న సంగతి కాదు.

1985 మధ్యంతర ఎన్నికల్లో భువనగిరి తొలిసారి తెలుగుదేశాన్ని ఎన్నుకున్నది. ఎలిమినేటి మాధవరెడ్డి గారు గెలిచారు. వామపక్షాలు ఆ ఎన్నికల్లో తెలుగుదేశంతో పొత్తులో ఉన్నాయి. కనుక పాత కంకి కొడవలి ఓటు కొంత సైకిలుకు మళ్ళిందని భావించడానికి వీలుంది. 1989లో రాష్ట్రమంతా కాంగ్రెస్ వైపు తిరిగి 181 స్థానాలు ఇచ్చినా భువనగిరి మాధవరెడ్డి గారిని వదలలేదు. 18 ఏళ్ళు నిండిన పిల్లలు ఓటు వేసిన మొదటి సార్వత్రిక ఎన్నికలవి. 1994లో, 1999లో కూడా ఆయనే గెలిచారు. రాష్ట్ర హోంమంత్రిగా పనిచేశారు.

2000 మార్చి 7న ఘట్‌కేసర్ వద్ద పీపుల్స్‌వార్ నక్సలైట్లు పేల్చిన మందుపాతరకు మాధవరెడ్డి గారు బలి అయ్యారు. అంతకు ముందటి సంవత్సరం, 1999లో, ఉద్యమ గాయని బెల్లి లలిత అతి దారుణంగా హత్యకు గురయ్యారు. ఇద్దరూ ఈ ప్రాంతం బిడ్డలే. రాజకీయాన్ని నెత్తురుతో రాసిన ఆ రోజుల్లో కూడా జనం ఓటు వేయడం మానలేదు. ఉప ఎన్నికలో మాధవరెడ్డి గారి సతీమణి ఉమా మాధవరెడ్డి గారు గెలిచారు. 2004లో కాంగ్రెస్, టి.ఆర్.ఎస్., వామపక్షాలు ఒక్కటై రాష్ట్రాన్ని ఊపివేసినా ఆమె నిలబడ్డారు. 2009లో రాజశేఖరరెడ్డి గారు రెండవసారి అధికారంలోకి వచ్చినా ఆమె గెలిచారు.

ఇక్కడ జిల్లాకు సంబంధించిన ఒక సంగతి చెప్పక తప్పదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోతున్నా పట్టించుకునేవారు లేరని నిరసనగా వేసిన నామినేషన్లే అందులో అత్యధికం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. చివరకు గెలిచినవారు గీత కార్మికుల నాయకులు, కమ్యూనిస్టు యోధులు బొమ్మగాని ధర్మభిక్షం గారు. ఆ తరువాత లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. నీళ్ళు అడిగినవారికి ముందుగా వచ్చినది డిపాజిట్ పెంపు! ఓటు వేయడంతోనే కాదు, నామినేషన్ వేయడంతో కూడా మాట్లాడవచ్చునని ఈ జిల్లా దేశానికి చూపింది.

రాష్ట్రం కోసం, రాష్ట్రం తరువాత

1997 మార్చిలో భువనగిరిలో జరిగిన తెలంగాణ సభ మలిదశ ఉద్యమానికి మేలుకొలుపుగా నిలిచింది. 1944లో మహాసభ జరిగిన ఊళ్ళోనే 53 ఏళ్ళకు మరొక మలుపు. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో మన ఉద్యోగ సోదరులు జీతాలు వదులుకుని నిలబడ్డారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది.

2014లోనూ 2018లోనూ భువనగిరి శాసనసభ స్థానం టి.ఆర్.ఎస్. అభ్యర్థి పైళ్ళ శేఖర్‌రెడ్డి గారికి దక్కింది. 2016 అక్టోబరు 11న యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది. 2023లో కాంగ్రెస్ అభ్యర్థి కుంభం అనిల్‌కుమార్ రెడ్డి గారు గెలిచారు.

పునర్విభజన తరువాత ఏర్పడిన భువనగిరి లోక్‌సభ నియోజకవర్గం మరొక కథ. 2009లో కాంగ్రెస్ నుండి కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి గారు, 2014లో టి.ఆర్.ఎస్. నుండి డాక్టర్ బూర నర్సయ్యగౌడ్ గారు, 2019లో కాంగ్రెస్ నుండి కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారు, 2024లో అదే పార్టీ నుండి చామల కిరణ్‌కుమార్ రెడ్డి గారు గెలిచారు. 2018 డిసెంబరులో శాసనసభకు కారు గుర్తును గెలిపించిన భువనగిరి పట్టణం ఉన్న ఈ లోక్‌సభ స్థానం ఆరు నెలలు తిరగకుండానే హస్తం గుర్తుకు వెళ్ళింది. తేడా ఐదు వేల ఓట్ల చిల్లర మాత్రమే. రెండు ఎన్నికలకు రెండు తూకాలు వాడడం ఓటరుకు తెలుసు.

లెక్క చూస్తే

ఇప్పుడు మన ఉద్యోగుల అలవాటు ప్రకారం లెక్క కూడదాం. 1952 నుండి 2023 వరకు శాసనసభకు 16 సాధారణ ఎన్నికలు జరిగాయి. వాటిలో 7 సార్లు – 1952, 1957, 1962, 1983, 1989, 2004, 2009 – భువనగిరి రాష్ట్రంలో ఓడిన పక్షాన్ని ఎన్నుకున్నది. 9 సార్లు గెలిచిన పక్షంతో ఉంది. అంటే గాలి ఎటు వీస్తే అటు ఒరిగే ఊరు కాదన్నమాట.

రెండవ సంగతి. ఈ 16 ఎన్నికలలో, 2000 ఉప ఎన్నికతో కలిపి, గెలిచినవారు 8 మంది. అందులో 6 గురికి ఈ ఓటరు రెండవ అవకాశం ఇచ్చాడు. ఇవ్వనిది ఒక్క 1962 విజేతకే. 2023 విజేతకు ఇది మొదటి విడత. ఒకసారి నమ్మితే వెంటనే విడువకపోవడం ఇక్కడి స్వభావం అనిపిస్తుంది. పార్టీ కంటే మనిషిని, మనిషితో పాటు ఆ ఇంటిని చూసి ఓటు వేసే అలవాటు ఇది. దీనిలో మంచి ఉంది, చెడు ఉంది. తెలిసిన మనిషిని నిలదీయవచ్చు. అదే సమయంలో కొత్త మనిషికి గడప దాటడం కష్టమవుతుంది. మహిళల మాటకు వస్తే, పక్కనే ఆలేరు 1952లోనే ఒక మహిళను సభకు పంపగా, భువనగిరి 2000 వరకు ఆగింది.

మూడవ సంగతి కొంచెం ఆలోచించవలసినది. 2014, 2018, 2023 మూడుసార్లూ భువనగిరి గెలిచిన పక్షంతోనే ఉంది. వరుసగా మూడుసార్లు అట్లా జరగడం 1967, 1972, 1978 తరువాత ఇదే. పథకాలు అధికార పార్టీ శాసనసభ్యుడి ద్వారానే వస్తాయన్న నమ్మకం బలపడిందా? రోడ్లు, సెల్‌ఫోన్లు, రాజధాని పెరుగుదల కలిసి ఊరి ఓటును రాష్ట్రం ఓటులో కలిపివేస్తున్నాయా? లేక కాకతాళీయమా? మూడు ఎన్నికలతో తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

తెర చాటు మాట

పూర్వం ఓటరును భయపెట్టినది అరుగు మీద మంచం. ఇప్పుడు ఎవరూ అరుగు మీద కూర్చోరు. రాత్రిపూట తలుపు తట్టి కవరు ఇచ్చి వెళతారు. భయానికి తలవంచనివాళ్ళ మనుమలు డబ్బుకు తలవంచుతున్నారని మనలో కొందరు నిట్టూరుస్తుంటారు. నేనూ నిట్టూర్చిన వాణ్ణే. కాని ఒక మాట ఒప్పుకోవాలి. డబ్బు తీసుకున్నవాడు ఆ డబ్బు ఇచ్చినవాడికే ఓటు వేశాడని చెప్పగలవారు ఎవరు? పెట్టె పోయి 2004లో యంత్రం వచ్చినా తెర మాత్రం అక్కడే ఉంది. తెర చాటున నిలబడిన ఆ కొన్ని క్షణాలు నేటికీ ఓటరువే. ఆ క్షణాలను ఎవరి చేతికీ ఇవ్వకూడదని మన పిల్లలకు, మనుమలకు చెప్పవలసిన బాధ్యత ఆ తెరను మన చేతులతో కట్టిన మన తరానిది.

2023 శాసనసభ ఎన్నికల్లో 80 ఏళ్ళు దాటినవారికి ఇంటి నుండే ఓటు వేసే వీలు కల్పించారు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఆ వయస్సును 85కు పెంచారు. మన సభ్యులలో కొందరు ఆ వీలు వాడుకున్నారు. ఎవరినీ తప్పుపట్టను. మోకాళ్ళ నొప్పుల సంగతి నాకూ తెలుసు. కాని నడవగలిగినంత కాలం వరుసలో నిలబడి వేయడమే నాకిష్టం. ఆ వరుసలో మా ముందు దొర లేడు, వెనుక కూలి లేడు. అది చూడడానికి మా అమ్మ తరం ఎన్ని కష్టాలు పడిందో తలచుకుంటే అరగంట నిలబడడం భారమనిపించదు.

చివరిగా మిత్రులకు ఒక మనవి. 1952లో ఓటు వేసినవారు ఇప్పుడు ఎవరైనా ఉంటే తొంభై దాటి ఉంటారు. మీ ఇళ్ళలో, మీ వాడలో అట్లాంటి పెద్దలుంటే వారి పక్కన కూర్చుని ఆ రోజు ముచ్చట అడిగి రాసిపెట్టండి. పెట్టె ఏ రంగుదో, ఎంత దూరం నడిచారో, ఎవరు వెంట వచ్చారో అడగండి. ఎవరికి ఓటు వేశారని మాత్రం అడగకండి. అది వారికెరుక, ఆ డబ్బకెరుక.